తెర కదిలితే... తల తిరిగింది!

కొడుకు కొనిచ్చిన కొత్త ఫోను. ముట్టుకుంటే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. 'వయసు' అన్నారొకరు, 'భయం' అన్నారింకొకరు. అసలు సంగతి మాత్రం తెర వెనకే ఉంది!

ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి దాటితే అన్నోజిగూడ. ఒకప్పుడు పొలాల మధ్య ఊరు. పక్కనే పోచారంలో సాఫ్ట్‌వేర్ క్యాంపస్ వచ్చాక కాలనీలు లేచాయి, అపార్ట్‌మెంట్లు లేచాయి, సందుకో టిఫిన్ సెంటరు వెలిసింది. ఊరెక్కడ ముగిసిందో నగరమెక్కడ మొదలైందో ఇప్పుడు చెప్పడం కష్టం.

ఆ కాలనీల్లో ఒకదానిలో, రెండో అంతస్తులో ఓ టీచరమ్మ ఉంటారు. జనగామ వైపు సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. కోడలు డిగ్రీ కాలేజీలో లెక్చరరు. కూతురు అమెరికాలో. నగరంలో ఇంటింటా ఉండే కథే.

దసరాకి కొడుకు కొత్త ఫోను తెచ్చాడు. 'పాతది స్లో అయిపోయిందమ్మా, ఇది చూడు ఎంత స్మూత్‌గా ఉందో' అంటూ వేలితో ఇటు జరిపి అటు జరిపి చూపించాడు. నిజమే, భలేగా ఉంది. బొమ్మ నొక్కితే అది పెద్దదై ముందుకు ఉరికొస్తుంది. వెనక్కి నొక్కితే చిన్నదై సర్రున తన గూట్లోకి దూరుతుంది. వెనకున్న చిత్రం ఒకవైపు, ముందున్న అక్షరాలు ఇంకోవైపు జరుగుతాయి. డబ్బు పంపితే తెర నిండా నాణేల వాన!

వారం తిరక్కుండానే ఆ ఫోను అలమరలో చీరల కింద చేరింది.

* * *

'తల తిరుగుతాంది బిడ్డా' అన్నారామె. మొదట బీపీ చూశారు. బాగానే ఉంది. సుగర్ చూశారు. అదీ అదుపులోనే ఉంది. మెడ నరాలేమోనని ఒకరన్నారు. ఎదురింటావిడ దిష్టి తీసి పోమంది. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

ఫోను అలమరలో ఉన్నంతసేపూ ఆమె బాగానే ఉండేవారు. మేడ మీదికెక్కి వడియాలు పెట్టేవారు. నడుచుకుంటూ కూరగాయలకు వెళ్లొచ్చేవారు. ఫోను చేతిలోకి తీసుకుంటేనే వస్తుంది తంటా. ఐదు నిమిషాలు చూస్తే కడుపులో తిప్పు. పది నిమిషాలు చూస్తే వాంతి వచ్చినట్టు. ఆ తర్వాత రెండు గంటలు కళ్లు మూసుకుని పడుకోవాల్సిందే.

ఓ రోజు కొడుక్కి విసుగొచ్చింది. 'ఏందమ్మా... చిన్నపిల్లలు కూడా వాడుతున్నరు. లెక్కల టీచర్‌వి, నీకు రాదా?' అన్నాడు.

ఆమె ఏమీ అనలేదు. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఎంతమంది పిల్లలకు ఎక్కాలు నేర్పిన మనిషి! 'నీకు రాదా' అని తానెప్పుడూ ఏ పిల్లాడినీ అనలేదు. ఇప్పుడు తన కొడుకే తనని అంటున్నాడు.

అమెరికా నుంచి కూతురు వీడియోకాల్ చేస్తే మనవడు ఫోను పట్టుకుని ఇల్లంతా పరిగెత్తేవాడు. 'అమ్మమ్మా, నా రూమ్ చూడు, నా సైకిల్ చూడు' అని. ఆ పరుగుకి ఇక్కడ ఈమెకు గోడలు తిరిగేవి. పిల్లాడితో ఆ మాట చెప్పలేక 'వీడియో వద్దమ్మా, మాట్లాడితే చాలు' అనేవారు కూతురితో. అమ్మకి మా మీద ప్రేమ తగ్గిందా అని అక్కడ కూతురి మనసులో ఓ ముల్లు.

నవంబరు వచ్చింది. పింఛను ఆగకుండా ఉండాలంటే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్లోనే అయిపోతుందన్నారు. రెండుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేశారు. చివరికి కొడుకే కూర్చుని చేసిపెట్టాడు. బ్యాంకు పని కూడా నెమ్మదిగా అతని చేతికే వెళ్లింది. జీవితంలో తన లెక్కలు తానే రాసుకున్న మనిషి, నాలుగంకెల పిన్ను నంబరు కొడుక్కి చెప్పేశారు. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదని కోడలు గమనించింది.

* * *

గుట్టు విప్పింది కూడా ఆ కోడలే. ఓ ఆదివారం పక్కన కూర్చుని నింపాదిగా అడిగింది. 'అత్తమ్మా, ఎప్పుడెప్పుడు తిరుగుతుంది? ఫోను చూస్తున్నంతసేపూనా?'

టీచరమ్మ ఆలోచించారు. 'ఊకె చూస్తే ఏం కాదమ్మా. చదివితే ఏం కాదు. తెర ఎగిరినప్పుడే తిరుగుతది. అది నా మీదికి ఉరికొస్తే నేను ఎనకకు పడుతున్నట్టు ఉంటది. అది ఆగితే నేనూ ఆగుత' అన్నారు.

లెక్కల టీచరు కదా, సమస్యని తేల్చి చెప్పారు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే!

కోడలికి ఠక్కున ఓ విషయం గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట జ్వరం తగ్గాక అత్తగారికి మూడ్రోజులు మంచం దిగలేనంత కళ్లు తిరిగాయి. లోపలి చెవిలో సమతూకం చూసే నరం వాచిందని అప్పుడు డాక్టరు చెప్పారు. మందులతో తగ్గింది, అందరూ మర్చిపోయారు. మళ్లీ చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన అంతా విని 'ఇది భయం కాదు, బద్ధకం కాదు. కదిలేది చూస్తే ఈమె ఒంటికి నిజంగానే పడదు' అన్నారు. కొన్ని కసరత్తులు రాసిచ్చారు. ఆ మందులచీటీ కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ ఊరటనిచ్చింది.

మూడు చిట్టాలు... ఒక మెదడు

ఇంతకీ కూర్చున్న మనిషికి కూర్చున్నట్టుండగానే తల ఎందుకు తిరుగుతుంది?

సికింద్రాబాద్ స్టేషన్లో రైల్లో కూర్చుంటారు. పక్క పట్టాల మీది రైలు కదులుతుంది. ఒక్క క్షణం మన రైలే కదిలిందనిపిస్తుంది. కిటికీ అవతల స్తంభాన్ని చూశాక గానీ భ్రమ వీడదు. అందరికీ అనుభవమే!

మనం నిలబడ్డామా, కదులుతున్నామా, ఎటు వంగామా అన్నది తేల్చుకోవడానికి మెదడు ముగ్గురిని అడుగుతుంది. ఒకరు కళ్లు. రెండు, పాదాలూ కండరాలూ కీళ్లూ. మూడు, లోపలి చెవి. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగితే అటు కబురు పంపేవి అవే. వాటి పక్కన ఉండే రెండు చిన్న తిత్తుల్లోని సున్నపు రేణువులు, తల ఎటు వంగిందీ శరీరం ఎటు సాగిందీ చెబుతాయి. ఈ చెవి తూకం రహస్యాన్ని పరిశోధించినందుకే రాబర్ట్ బారనీ అనే డాక్టరుకు 1914 నోబెల్ బహుమతి దక్కింది.

మూడు చిట్టాలూ టాలీ అయితే ఏ గొడవా లేదు. బస్సులో పుస్తకం చదివితే వికారం ఎందుకు? చెవి 'కదులుతున్నాం' అంటుంది. పుస్తకం మీదున్న కన్ను 'లేదు, ఆగే ఉన్నాం' అంటుంది. లెక్క కుదరదు. ఫోను దగ్గర ఇదే కథ తలకిందులు. కన్ను 'ముందుకు దూసుకుపోతున్నాం' అంటుంది, చెవి 'కూర్చునే ఉన్నాం కదా' అంటుంది. చాలామందిలో మెదడు సర్దుకుపోతుంది. ఎవరికైతే చెవి తూకం ఒకసారి దెబ్బతిందో, వాళ్లలో కొందరి మెదడు చెవిని నమ్మడం తగ్గించి కంటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అప్పుడు తెర ఊగితే మనిషీ ఊగినట్టే! మైగ్రేన్ ఉన్నవాళ్లలోనూ, ప్రయాణాలు పడనివాళ్లలోనూ ఈ ఇబ్బంది కనిపిస్తుంది. వయసుతో పని లేదు.

అన్ని కదలికలూ చెరుపు చేయవు. తెర మొత్తం ముందుకు దూకడం, గిరగిరా తిరగడం, వెనకదొక వేగంతో ముందుదొక వేగంతో జరగడం... ఇవీ అసలు దొంగలు. చిన్న బటన్ రంగు మారితేనో, బొమ్మ మెల్లగా వెలిసిపోయి ఇంకొకటి తేలితేనో సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు.

అందం కోసమేనా?

మరి ఈ గెంతులన్నీ ఎందుకు పెట్టారు? ఉత్త షోకేనా అంటే... కాదు. నొక్కిన బొమ్మే పెద్దదైతే 'ఇది అక్కడి నుంచి వచ్చింది' అని కంటికి తెలుస్తుంది. పని జరుగుతోందని చెప్పడానికి చిన్న చక్రం తిరుగుతుంది. కార్టూన్ సినిమాల కోసం డిస్నీ చిత్రకారులు పట్టుకున్న సూత్రాలు... నెమ్మదిగా మొదలై, వేగం పుంజుకుని, నెమ్మదిగా ఆగడం లాంటివి... సాఫ్ట్‌వేర్ తెరల మీదికీ వచ్చాయి. చిక్కల్లా మోతాదుతోనే.

ఆ మోతాదు దాటితే ఏమవుతుందో ప్రపంచమంతా 2013లో చూసింది. ఆ ఏడాది సెప్టెంబరు 18న ఆపిల్ సంస్థ ఐఫోన్లకు 'ఐఓఎస్ 7' విడుదల చేసింది. తెర లోతుగా ఉన్నట్టు కనిపించడం, యాప్ తెరిస్తే లోపలికి దూసుకెళ్లినట్టు ఉండటం అందులో కొత్త హంగులు. రోజుల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. కళ్లు తిరుగుతున్నాయనీ, కారులో కూర్చున్నట్టు వికారంగా ఉందనీ. క్రెగ్ గ్రానెల్ అనే బ్రిటిష్ టెక్నాలజీ రచయిత అయితే తన అవస్థని పత్రికల్లోనే రాశాడు. అక్టోబరులో వచ్చిన 7.0.3 అప్‌డేట్‌తో ఆపిల్ దిగొచ్చింది. సెట్టింగుల్లో 'రెడ్యూస్ మోషన్' నొక్కితే ఆ దూకుడు పోయి, తెరలు మెల్లగా ఒకదాన్లో ఒకటి కరిగేలా మార్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, విండోస్ కంప్యూటర్లలో కూడా ఇలాంటి మీటలు సెట్టింగుల్లో ఉన్నాయి.

తెర మీది బొమ్మ మనిషిని పడేయగలదని లోకానికి అంతకుముందే తెలుసు. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో 'పోకెమాన్' కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు టపటపా కొట్టేసరికి 600 మందికి పైగా పిల్లల్ని ఆసుపత్రులకు తరలించారు. అది మెరుపుల వల్ల వచ్చే మూర్ఛ, టీచరమ్మది తల తిరుగుడు. రెండూ వేరు. కానీ నీతి ఒక్కటే. అందరి కళ్లూ, అందరి చెవులూ ఒకేలా ఉండవు.

ఇంట్లో అమ్మ... ఆఫీసులో కోడ్

అసలు మలుపు ఇక్కడుంది.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రాత్రి కొడుకు తల్లి ఫోను తీసుకుని సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరిచాడు. 'రిమూవ్ యానిమేషన్స్' అన్న మీట నొక్కాడు. అరనిమిషం పని! తెర దూకడం మానేసింది. తల్లి ఫోను అందుకుని నాలుగైదు యాప్‌లు తెరిచి మూసి చూశారు. 'గిది ఇన్ని రోజులు ఏడున్నది బిడ్డా?' అన్నారు.

మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. అతనికే తెలియదు. తెలియకపోవడానికి అతను ఫోన్లు అమ్మేవాడు కాదు, యాప్‌ల తెరలు తయారు చేసేవాడు!

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. కొన్ని యాప్‌లు ఆ మీటని లెక్కచేయలేదు. ఎప్పట్లాగే గెంతాయి. అలాంటివాటిలో ఒకటి కొడుకు టీమ్ తయారు చేసిన షాపింగ్ యాప్. తెరిస్తే వస్తువులు గిర్రున తిరుగుతూ వచ్చి వరసలో నిలబడతాయి. ఆ తిరుగుడు రాసింది అతనే. దానికి ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారు. తల్లి దాన్ని తెరిచి, కళ్లు మూసుకుని, ఫోను బోర్లించడం కళ్లారా చూశాడు. 'నీకు రాదా' అని తానన్న మాట గుర్తొచ్చింది. ఎవరికి ఏం రాలేదో ఆ రాత్రి తెలిసింది.

నిజానికి చేయాల్సింది పెద్ద పనేం కాదు. వాడేవాళ్లు కదలికలు వద్దన్నారా అని ఫోన్‌ని అడిగే వీలు ఎప్పట్నుంచో ఉంది. వెబ్ పేజీలకైతే దాని పేరు 'ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్'. సఫారీ బ్రౌజర్‌లో 2017లో, ఫైర్‌ఫాక్స్‌లో 2018లో, క్రోమ్‌లో 2019లో వచ్చింది. వద్దంటే దూకే తెర బదులు కరిగే తెర చూపించాలి. అంతే!

సోమవారం మీటింగులో ఈ సంగతి పెట్టాడు. 'ఎంతమందికి ఉంటుందీ సమస్య?' అని అడిగారొకరు. 'మా ఇంట్లో ఒకరికుంది' అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టెస్టింగ్ చూసే ఓ అమ్మాయి నోరు విప్పింది. 'మైగ్రేన్ వచ్చిన రోజు మన యాప్ టెస్ట్ చేయడం నా వల్ల కాదు. చెబితే నవ్వుతారని చెప్పలేదు' అంది. ఎదురుగా కూర్చున్న ఇంకో కుర్రాడు, ఉప్పల్ నుంచి ఆఫీసు బస్సులో వస్తూ ఆ యాప్ తెరిస్తే తనకీ కడుపులో తిప్పుతుందని ఒప్పుకున్నాడు. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనుల వల్ల ఆ గతుకుల రోడ్డేననుకున్నాడట పాపం!

యాప్‌లోని కదలికలన్నీ జాబితా రాశారు. పనికొచ్చేవి ఏవి, షోకువి ఏవి అని విడదీశారు. పని జరుగుతోందని చెప్పే చిన్న చక్రం ఉంచారు. గిర్రున తిరిగే వరసలు, మీదికి దూకే తెరలు, వద్దన్నవాళ్లకు రాకుండా మార్చారు. అందరికీ యాప్ అందంగానే ఉంది, కొందరికి నెమ్మదిగా ఉంది. ఒక్క ప్రకటనల బ్యానర్ దగ్గర మాత్రం మార్కెటింగ్ వాళ్లు ఒప్పుకోలేదు. అది ఇంకా జరుగుతూనే ఉంది.

చట్టం ఏమంటోంది?

ఇలాంటి మార్పులు ఎవరి దయా కాదు. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలంటే ఏం చేయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. పేజీలో దానంతటదే మొదలై, మిగతా సమాచారం పక్కనే అయిదు సెకన్లకు మించి కదిలేది ఏదైనా ఉంటే దాన్ని ఆపే వీలుండాలని 2008 నుంచే ఆ నియమాల్లో ఉంది. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదన్నదీ అందులోదే. నొక్కినప్పుడు వచ్చే కదలికల్ని వద్దనుకునే వీలు ఉండాలని 2018లో కొత్తగా చేర్చారు. అయితే దాన్ని పెట్టింది అన్నిటికన్నా పై మెట్టు మీద. అంటే చాలా సంస్థలు చేరుకోవాలని పెట్టుకునే మెట్టు కన్నా పైన!

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవలు అందరికీ అందాలంటుంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడి బాధితులు కెమెరా ముందు కళ్లు ఆర్పలేక బ్యాంకు కేవైసీ పూర్తిచేయలేకపోతున్నారన్నది అందులోని ఫిర్యాదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది.

తల తిరుగుడు మాత్రం 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో పేరు పెట్టి లేదు. చేతికర్ర లేదు, నల్ల కళ్లద్దాలు లేవు. బయటికి మనిషి బాగానే ఉంటాడు. అందుకే 'నీకు రాదా' అన్న మాట ఇలాంటివాళ్లకే ముందు తగులుతుంది.

మీ ఇంట్లోనూ ఉన్నారా?

ఫోను చూస్తే కళ్లు తిరుగుతున్నాయని పెద్దవాళ్లో పిల్లలో అంటే ముందు నమ్మండి. ఎప్పుడు తిరుగుతోందో అడగండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరవండి. ఐఫోన్లో మోషన్ కింద 'రెడ్యూస్ మోషన్', ఆండ్రాయిడ్‌లో 'రిమూవ్ యానిమేషన్స్' ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో పేరు కాస్త మారుతుంది. విండోస్ 11 కంప్యూటర్లో యాక్సెసిబిలిటీలోని విజువల్ ఎఫెక్ట్స్ కింద 'యానిమేషన్ ఎఫెక్ట్స్' ఆపేయొచ్చు. వీడియోలు వాటంతటవే మొదలవకుండా ఆపే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది. వీడియోకాల్ చేసేటప్పుడు ఫోన్‌ని ఒకచోట నిలబెట్టి మాట్లాడండి. అన్నిటికన్నా ముఖ్యం... తల తిరుగుడు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. అన్ని తల తిరుగుళ్లకీ ఫోనే కారణం కాదు. ఉన్నట్టుండి తల తిరిగి మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

* * *

ఇప్పుడు అమెరికాలో మనవడి ఫోను బల్ల మీద ఓ గిన్నెకి ఆనించి ఉంటుంది. వాడే సైకిలు తెచ్చి దాని ముందు నిలబెడతాడు. వారానికోసారి అమ్మమ్మ వాడి మొహం చూస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారు.

టీచరమ్మ దగ్గర ఓ పాత లాంగ్ నోట్‌బుక్కు ఉంది. అందులో యాప్‌లకు మార్కులు వేస్తున్నారు, ఎర్ర పెన్నుతో. చెప్పిన మాట వినేవాటికి ఎనభై పైన. వినకుండా గెంతేవాటికి ముప్పై. అవి ఫోన్లోంచి కూడా పోతాయి. కొడుకు యాప్‌కి అరవై ఎనిమిది వేశారు. పక్కన చిన్న అక్షరాలతో 'బ్యానర్ ఆపాలి. మళ్లీ పరీక్ష' అని రాశారు. అతను దాన్ని ఫొటో తీసి ఆఫీసులో చూపించాడు.

మళ్లీ నవంబరు వచ్చింది. టీచరమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లైఫ్ సర్టిఫికెట్ పని తానే మొదలుపెట్టారు. మొదటిసారి కుదరలేదు. కొడుకు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడే గానీ దగ్గరికి రాలేదు. రావద్దని కోడలు సైగ చేసింది. రెండోసారికి అయిపోయింది.

'అయిందమ్మా?' అని అడిగాడు.

'అయింది. ఒక్క నిమిషం ఆగు' అని ఆమె బ్యాంకు యాప్ తెరిచి పిన్ను నంబరు మార్చేశారు. కొత్త నంబరు కొడుక్కి చెప్పలేదు.